సూక్ష్మశైవలాల నుంచి యాంటీఆక్సిడెంట్లు: ఏ జాతిని ఎంచుకోవాలి, ఏ అంకెను నమ్మాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీరు ఒక చిన్న సంస్థలో ఆరోగ్య ఉత్పత్తుల తయారీ చూస్తున్నారు, సహజమైన యాంటీఆక్సిడెంట్ కోసం సూక్ష్మశైవలాలను (కంటికి కనిపించనంత చిన్న నాచు వంటి జీవులను) పరిశీలిస్తున్నారు. స్పిరులినా, క్లోరెల్లా, డునాలియెల్లా, హెమటోకాకస్ అనే నాలుగింటిలో ఏది మేలన్నది మీ మొదటి సందేహం. సరఫరాదారు గొప్పగా చూపిస్తున్న ‘ఓరాక్’ విలువను, అంటే యాంటీఆక్సిడెంట్ శక్తిని పరీక్షనాళికలో కొలిచిన అంకెను, బట్టి పొడిని ఎంచుకోవచ్చా అన్నది రెండోది. కర్మాగారంలో కృత్రిమంగా తయారైన పదార్థం కంటే శైవలం నుంచి తీసిన అదే పదార్థం నిజంగా మెరుగైనదా అన్నది మూడోది. నేను పదిహేడేళ్లుగా మొదట ఈ శైవలాల పెంపకంలోను, తరువాత వాటి పొడుల నాణ్యత పరీక్షల్లోను పనిచేస్తున్నాను. ఆ పనిలో తెలిసివచ్చిన సంగతులనే ఇక్కడ రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, సూక్ష్మశైవలాలు యాంటీఆక్సిడెంట్లకు నమ్మదగిన వనరే. అయితే ఎంపిక జాతి పేరుతో మొదలు కాకూడదు. ముందు మీకు కావలసిన పదార్థాన్ని పేరుతో సహా తేల్చుకోండి. అది పొడిలో ఎంత శాతం ఉందో కొలిపించండి. గడువు తేదీ నాటికి అందులో ఎంత మిగులుతుందో పరీక్షించండి. నూనెతో నింపే సాఫ్ట్‌జెల్ క్యాప్సూల్ మీ ఆలోచన అయితే నేను హెమటోకాకస్‌లోని అస్టాక్సాంథిన్ అనే ఎర్రటి పదార్థాన్నే ఎంచుకుంటాను. విటమిన్ ఏ అవసరాన్ని కూడా తీర్చాలనుకుంటే డునాలియెల్లాలోని బీటా కెరోటిన్‌ను, కొన్ని కఠినమైన షరతులతో, పరిశీలిస్తాను. నీటిలో కరిగే పదార్థం కావాలంటే స్పిరులినాలోని ఫైకోసయనిన్ ఉంది. క్లోరెల్లాను కేవలం యాంటీఆక్సిడెంట్ కోసం ఎంచుకోవాలని నేను ఎవరికీ చెప్పను. ఇక ఓరాక్ విలువను పక్కన పెట్టేయండి. మూడో సందేహానికి ఒకే జవాబు లేదు, పదార్థాన్ని బట్టి మారుతుంది.

శైవలాలకు అసలు ఈ పదార్థాలతో ఏం పని అన్నది తెలిస్తే మిగతా విషయాలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. కిరణజన్య సంయోగక్రియ జరిపే ప్రతి కణానికీ ఎండ ఆహారమూ అవుతుంది, ప్రమాదమూ అవుతుంది. పత్రహరితం తాను వాడుకోగలిగిన దానికంటే ఎక్కువ వెలుగును పట్టుకున్నప్పుడు, ఆ మిగులు శక్తి పక్కనే ఉన్న ఆక్సిజన్‌కు చేరి దాన్ని ‘సింగ్లెట్ ఆక్సిజన్’ అనే చురుకైన రూపంలోకి మారుస్తుంది, అది పొరలలోని కొవ్వులను, ప్రోటీన్లను దెబ్బతీస్తుంది. కెరోటినాయిడ్లు (బీటా కెరోటిన్, అస్టాక్సాంథిన్ వంటి రంగు పదార్థాలు) ఆ శక్తిని తాము తీసుకుని వేడి రూపంలో వదిలేస్తాయి. వాటి అణువులో ఒకదాని వెంట ఒకటిగా అల్లుకున్న ద్విబంధాల గొలుసు వల్లనే అది సాధ్యమవుతుంది. బీటా కెరోటిన్‌లో అలాంటి ద్విబంధాలు 11 ఉంటే, అస్టాక్సాంథిన్‌లో రెండు కీటో సమూహాలను కూడా కలుపుకుంటే 13 ఉంటాయి. వాటి రంగుకు కారణమూ ఆ గొలుసే, అవి గాలికి, వెలుతురుకు తొందరగా చెడిపోవడానికి కారణమూ ఆ గొలుసే. మీరు కొనబోయే సరుకు తాను కాపాడవలసిన దానికంటే ముందు తానే ఆక్సీకరణం చెందే స్వభావం గలదని మొదటి రోజునుంచే గుర్తుంచుకోవాలి.

హెమటోకాకస్ ప్లూవియాలిస్ ఎర్రబడటాన్ని సూక్ష్మదర్శినిలో చూసినవారు ఆ దృశ్యాన్ని మరచిపోరు. పోషకాలు సమృద్ధిగా ఉన్నంత కాలం అది తోకల్లాంటి రెండు కశాభాలతో చకచకా ఈదుతూ తిరిగే పచ్చని కణం, లోపలి పచ్చటి ముద్దకూ బయటి గోడకూ నడుమ పారదర్శకమైన వలయం ఒకటి కనిపిస్తుంది. నైట్రోజన్ తగ్గించి వెలుతురు పెంచగానే ఈత ఆగిపోతుంది, కణం గుండ్రంగా ఉబ్బుతుంది, గోడ దళసరి అవుతుంది. కేంద్రకం చుట్టూ మొదట ఒక ఎర్రటి చుక్క పుడుతుంది. అది రోజురోజుకీ అంచుల వైపు పాకి, చివరికి కణమంతా ముదురు ఎరుపు పూస లాగా అయిపోతుంది. ఎదగడానికి పోషకం లేదు, ఎండ మాత్రం తగ్గలేదు. ఆ పరిస్థితిలో బతికి ఉండటానికి కణం వేసుకున్న గొడుగే అస్టాక్సాంథిన్. అందుకే దీని పెంపకం రెండు దశల్లో సాగుతుంది. మొదటిది కణాల సంఖ్యను పెంచే పచ్చ దశ, రెండోది వాటిని ఒత్తిడికి గురిచేసే ఎర్ర దశ. బాగా ఎర్రబడిన బ్యాచ్‌లో ఎండు బరువులో సుమారు 3 నుంచి 4 శాతం దాకా అస్టాక్సాంథిన్ ఉంటుంది. పచ్చ దశలోనే కల్చర్‌ను పాడుచేసే పారాఫైసోడెర్మా అనే శిలీంధ్రం వంటి పరాన్నజీవులు ఉండటం వల్ల ఈ పంట తీయడం కష్టం. సరుకు ఖరీదైనదిగా ఉండటానికి అది ఒక ముఖ్య కారణం.

ఆ దళసరి గోడ విషయంలో కొత్తవారు తరచుగా పొరబడతారు. గోడ పగలని ఎర్ర కణం మనం మింగినా చాలావరకు జీర్ణం కాకుండానే బయటికి పోతుంది. కాబట్టి పొడిని యంత్రంలో నలిపి కణాలను పగలగొట్టాలి. పగలగొట్టిన క్షణం నుంచి లోపలి పదార్థానికి గాలి తగులుతుంది. మా దగ్గర ఒకసారి పగలగొట్టిన పొడి సంచిని నమూనా కోసం తెరిచి, లోపలి గాలిని నైట్రోజన్‌తో తోసేయకుండానే మూతి కట్టేశారు. కొన్ని వారాల తరువాత తెరిచి చూస్తే పైన రెండు వేళ్ల మందం పొర లేత నారింజ రంగులోకి దిగిపోయి, ఎండుగడ్డి వాసన వేస్తోంది. చేతితో ఆ పొరను పక్కకు తోస్తే అడుగున ముదురు ఇటుక రంగు అలాగే ఉంది. ఒకే సంచిలో రెండు సరుకులు తయారైనట్లయింది. అప్పటినుంచి నేను పగలగొట్టిన పొడిని ఎక్కువ కాలం నిల్వ పెట్టనివ్వను. వీలైనంత త్వరగా అధిక పీడనంలో ఉంచిన కార్బన్ డయాక్సైడ్‌తో సారం తీసి, టోకోఫెరాల్ (విటమిన్ ఇ) వంటి రక్షక పదార్థం కలిపిన నూనెలోకి మార్చుకోవాలి. మీరు పొడికి బదులు ఇలాంటి నూనె సారాన్నే, అంటే ఒలియోరెసిన్‌నే, కొనడం మంచిది. అస్టాక్సాంథిన్ కొవ్వులో కరిగేది కాబట్టి నూనెలో ఉన్నప్పుడు, భోజనంతో తీసుకున్నప్పుడు పేగులో దాని శోషణ కూడా మెరుగ్గా ఉంటుంది.

డునాలియెల్లా సలీనాకు దళసరి గోడ సమస్యే లేదు, దాని కణానికి కేవలం ఒక పలుచని పొర మాత్రమే ఉంటుంది. సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పగా ఉండే నీటిలో, తీవ్రమైన ఎండలో అది తన ఎండు బరువులో 10 శాతం దాకా బీటా కెరోటిన్‌ను నింపుకోగలదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని హట్ లగూన్ గులాబీ రంగులో కనిపించడానికి ఈ శైవలం ఒక కారణం, దాన్ని అక్కడ వాణిజ్యపరంగా పెంచుతారు కూడా. అంత ఉప్పులో పోటీ జీవులు ఎక్కువగా బతకలేవు కాబట్టి తెరిచిన చెరువుల్లో పెంచడం సాధ్యమవుతోంది. పైపైన చూస్తే ఇదే అన్నిటికంటే సులువైన దారి అనిపిస్తుంది.

కానీ బీటా కెరోటిన్ విషయంలో మీరు తప్పక తెలుసుకోవలసిన చరిత్ర ఒకటి ఉంది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగిన పెద్ద పరీక్షలో రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశించారు. 1994లో ఫలితాలు వెలువడినప్పుడు అది 18 శాతం ఎక్కువగా కనిపించింది. పొగతాగేవారిని, గతంలో తాగి మానేసినవారిని, ఆస్బెస్టాస్ మధ్య పనిచేసినవారిని తీసుకుని అమెరికాలో జరిపిన మరో పరీక్షలో 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఏ కూడా ఇచ్చారు. అక్కడ కూడా క్యాన్సర్ కేసులు పెరగడంతో 1996లో దాన్ని గడువుకు ముందే ఆపేశారు. ఆ రెండిటిలోనూ వాడినది కృత్రిమ బీటా కెరోటిన్ కాబట్టి శైవలం నుంచి వచ్చినదానికి ఆ ప్రమాదం లేదని కొందరు అమ్మకందారులు చెబుతుంటారు. నేను ఆ మాటను ఒప్పుకోను. శైవలం నుంచి తీసినది పొగతాగేవారికి సురక్షితమని చూపించిన అంత పెద్ద పరీక్ష ఏదీ లేనప్పుడు, అలా చెప్పి అమ్మడం మనుషుల ఊపిరితిత్తులతో ప్రయోగం చేయడమే అవుతుంది. ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నచోట బీటా కెరోటిన్ ఆక్సీకరణను ఆపడానికి బదులు ప్రోత్సహించగలదని 1980లలోనే ప్రయోగశాలలో గమనించారు. ఊపిరితిత్తి సరిగ్గా అలాంటి చోటే. మీ ఉత్పత్తిలో డునాలియెల్లా ఉంటే మోతాదును తక్కువగా ఉంచండి, పొగతాగేవారు వాడకూడదన్న హెచ్చరికను డబ్బా మీద స్పష్టంగా ముద్రించండి.

స్పిరులినా నిజానికి శైవలం కాదు, ఆర్థ్రోస్పైరా అనే సయనోబ్యాక్టీరియా, అంటే కిరణజన్య సంయోగక్రియ జరిపే బ్యాక్టీరియా. వాడుకలో అందరూ శైవలాల జాబితాలోనే చేర్చారు కాబట్టి నేనూ ఇక్కడ అలాగే చెబుతున్నాను. దీనిలో మీకు కావలసినది ఫైకోసయనిన్ అనే నీలి ప్రోటీన్. దీనికి వేడి పడదు, వెలుతురు పడదు, పులుపు పడదు. ద్రావణంలో ఉన్నప్పుడు 50 డిగ్రీల సెల్సియస్ దాటితే రంగు త్వరగా దిగిపోతుంది. బాగా పుల్లని పానీయంలో కలిపితే విరిగి అడుగున పేరుకుంటుంది. వడకట్టిన పచ్చి ముద్దను ఎండబెట్టడంలో జాప్యం జరిగితే కొన్ని గంటల్లోనే కణాలు చిట్లి, ముద్ద నుంచి నీలి నీరు కారి, ఘాటైన చెడు వాసన మొదలవుతుంది. అలాంటి ముద్దను తరువాత ఎంత జాగ్రత్తగా ఎండబెట్టినా ప్రయోజనం లేదు.

సరఫరాదారు నమూనా పంపినప్పుడు నేను చేసే మొదటి పరీక్షకు యంత్రం ఏదీ అక్కరలేదు. ఒక చెంచా పొడిని గ్లాసు చల్లటి నీటిలో కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఉదయం వడపోత కాగితంలో వడకట్టండి. మంచి సరుకైతే కిందికి దిగిన నీరు స్వచ్ఛమైన నీలంగా ఉంటుంది, గట్టి వెలుతురులో పక్కనుంచి చూస్తే అందులో ఎర్రటి మెరుపు కూడా కనిపిస్తుంది. నీరు పసుపు పచ్చగానో, బురద రంగులోనో దిగితే ఆ పొడి వేడికి దెబ్బతిన్నదని అర్థం. ఇది ప్రయోగశాల పరీక్షకు బదులు కాదు, పనికిరాని నమూనాలను మొదటి రోజే పక్కన పెట్టడానికి మాత్రం బాగా ఉపయోగపడుతుంది. ఫైకోసయనిన్ గురించి ఇంకొక్క మాట చెప్పాలి. ప్రోటీన్ కాబట్టి అది జీర్ణాశయంలో ముక్కలవుతుంది. పరీక్షనాళికలో చెక్కుచెదరని ప్రోటీన్ చూపిన ప్రభావాన్ని మింగిన మనిషి రక్తంలోనూ చూస్తామని అనుకోవడానికి వీల్లేదు.

క్లోరెల్లాలో లూటీన్ అనే పసుపు కెరోటినాయిడ్ ఉంది, పత్రహరితం పుష్కలంగా ఉంది. కానీ పచ్చి క్లోరెల్లాను సరిగా శుద్ధి చేయకపోతే పత్రహరితం విచ్ఛిన్నమై ఫియోఫోర్బైడ్ అనే పదార్థం ఏర్పడుతుంది. అది చర్మానికి చేరిన తరువాత ఎండ తగిలితే పైన చెప్పిన సింగ్లెట్ ఆక్సిజన్‌నే పుట్టిస్తుంది. 1970లలో జపాన్‌లో క్లోరెల్లా మాత్రలు వాడినవారికి ఎండ సోకిన చోట చర్మం వాచి దద్దుర్లు రావడానికి కారణం ఇదే, ఆ తరువాత అక్కడ దానికి పరిమితి విధించారు. ఆక్సీకరణను ఆపుతుందని కొన్న పొడి దాన్ని పెంచేదిగా మారడం ఇక్కడ కనిపిస్తుంది. క్లోరెల్లా కొనక తప్పనివారు నాణ్యత పత్రంలో ఫియోఫోర్బైడ్ విలువను అడిగి తీసుకోవాలి. ఫియోడాక్టైలం వంటి డయాటమ్‌లనే మరో రకం సూక్ష్మశైవలాల నుంచి వచ్చే ఫ్యూకోజాంథిన్ అనే కెరోటినాయిడ్ కూడా ఆసక్తికరమైనదే గానీ, మొదటి ఉత్పత్తితోనే దాని జోలికి వెళ్లవద్దు.

ఇప్పుడు ఓరాక్ సంగతి. ఆక్సీకరణ కారకాలు ఒక మెరిసే రంగును పాడుచేస్తుంటే, మన నమూనా ఆ మెరుపును ఎంతసేపు కాపాడగలదో ఆ పరీక్ష కొలుస్తుంది. అది పరీక్షనాళికలో జరిగే పని. పేగులో శోషణ, కాలేయంలో మార్పులు, కణజాలానికి చేరే పరిమాణం వంటివేవీ దానిలోకి రావు. అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఆహార పదార్థాల ఓరాక్ విలువల పట్టికను తన సైట్‌లో ఉంచేది. ఆ విలువలకూ మనిషి ఆరోగ్యంపై ప్రభావానికీ సంబంధం లేదని, వాటిని ఉత్పత్తుల ప్రచారానికి దుర్వినియోగం చేస్తున్నారని చెప్పి 2012లో దాన్ని తొలగించింది. పైగా కొంచెం విటమిన్ సి కలిపితే చాలు, ఏ పొడికైనా ఆ అంకె పెరుగుతుంది. డీపీపీహెచ్ అనే మరో పరీక్షలో ఊదా రంగు ఎంత తగ్గిందో 517 నానోమీటర్ల వద్ద చూస్తారు. ముదురు రంగు గల కెరోటినాయిడ్ సారం ఆ కొలతకు అడ్డుతగులుతుంది. సింగ్లెట్ ఆక్సిజన్‌ను చల్లార్చడంలో దిట్ట అయిన అస్టాక్సాంథిన్ ఈ పరీక్షలో పేలవంగా కనిపించవచ్చు కూడా. అలాంటి అంకెను పట్టుకుని మంచి సరుకును తిరస్కరించిన కొనుగోలుదారులను నేను చూశాను.

అంకెలు కావాలంటే పదార్థం శాతాన్నే అడగండి, అది కూడా ఏ పద్ధతిలో కొలిచారో అడగండి. నేను పరీక్షించిన ఒక ఒలియోరెసిన్‌కు ‘అస్టాక్సాంథిన్ 10 శాతం’ అని పత్రం ఇచ్చారు. హెచ్‌పీఎల్‌సీలో, అంటే మిశ్రమంలోని పదార్థాలను విడదీసి ఒక్కొక్కటిగా కొలిచే యంత్రంలో, చూస్తే 8 శాతం దాటలేదు. సరఫరాదారు అబద్ధం చెప్పలేదు, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో రంగు తీవ్రతను కొలిచి, దానిలో ఉన్న ఇతర కెరోటినాయిడ్లన్నిటినీ అస్టాక్సాంథిన్ ఖాతాలోనే వేశాడు. హెమటోకాకస్‌లో అస్టాక్సాంథిన్ ఎక్కువభాగం కొవ్వు ఆమ్లాలతో జతకట్టి ఉంటుంది కాబట్టి, ముందు ఎంజైమ్‌తో ఆ జత విడదీసి, తరువాత హెచ్‌పీఎల్‌సీలో కొలవడమే సరైన పద్ధతి. ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఎదుటివారికి తమ సరుకు గురించి ఎంత తెలుసో కూడా మీకు తెలిసిపోతుంది.

సహజమా, కృత్రిమమా అన్న సందేహానికి వద్దాం. అస్టాక్సాంథిన్ విషయంలో తేడా ప్రచారం కోసం పుట్టించినది కాదు, అణువు ఆకారంలోనే ఉంది. శైవలం ఒకే రకం త్రిమితీయ రూపాన్ని, అంటే 3ఎస్, 3′ఎస్ రూపాన్ని తయారుచేస్తుంది. కృత్రిమ పద్ధతిలో మూడు రూపాలు 1:2:1 నిష్పత్తిలో కలిసి వస్తాయి, అవి కొవ్వు ఆమ్లాలతో జతకట్టకుండా విడిగా ఉంటాయి. ఫాఫియా అనే ఈస్టు శైవలం ఇచ్చే రూపానికి సరిగ్గా అద్దంలో ప్రతిబింబం వంటి రూపాన్ని ఇస్తుంది. చేపల మేతలో రంగు కోసం కృత్రిమమైనదాన్ని ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. మనుషులకిచ్చే ఉత్పత్తుల్లో శైవలం నుంచి తీసినదానిపైనే ఎక్కువ పరీక్షలు జరిగాయి కాబట్టి నేను దానివైపే మొగ్గుతాను. బీటా కెరోటిన్‌లోనూ తేడా ఉంది. డునాలియెల్లాలో 9-సిస్ రూపం (గొలుసు ఒకచోట వంగినది) గణనీయంగా ఉంటుంది, కృత్రిమమైనది దాదాపు పూర్తిగా ట్రాన్స్ రూపమే (గొలుసు నిటారుగా ఉన్నది). అయితే ఆకారం వేరని చెప్పగలం గానీ, ఆ తేడా వల్ల మనిషికి ఇంత మేలు జరుగుతుందని చెప్పగలిగే స్థితిలో లేము.

మోతాదు గురించి మీరు అడగలేదు గానీ అది చెప్పకుండా ముగించలేను. ఐరోపా ఆహార భద్రతా సంస్థ అస్టాక్సాంథిన్‌కు రోజుకు శరీర బరువులో కిలోకు 0.2 మిల్లీగ్రాములను ఆమోదయోగ్యమైన పరిమితిగా పెట్టింది. ఆహారం ద్వారా వచ్చేదాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, అనుబంధ ఉత్పత్తి నుంచి పెద్దలకు రోజుకు 8 మిల్లీగ్రాములు సురక్షితమని 2020లో తేల్చింది. అదే సంస్థ అస్టాక్సాంథిన్‌పై సమర్పించిన ఆరోగ్య ప్రయోజనాల దావాలను మాత్రం ఆధారాలు చాలవని ఆమోదించలేదు. మీరు డబ్బా మీద రాసే ప్రతి మాటనూ ఈ రెండు నిర్ణయాల నడుమ నిలబెట్టి చూసుకోండి. చిన్న పరీక్షలు చాలానే ఉన్నాయి, రక్తంలోని కొన్ని సూచికలు మెరుగుపడినట్లు కొన్ని చెబుతాయి. వ్యాధి తగ్గుతుందని, రాకుండా ఆగుతుందని రాయడానికి అవి సరిపోవు.

కలుషితాల విషయంలో రాజీ పడకూడదు. తెరిచిన చెరువులోనో, సహజ సరస్సులోనో పెరిగిన సరుకుకు సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం పరీక్షలతో పాటు మైక్రోసిస్టిన్ పరీక్ష కూడా తప్పనిసరి. మైక్రోసిస్టిన్ కాలేయాన్ని దెబ్బతీసే విషం. స్పిరులినా దీన్ని తయారుచేయదు గానీ, అదే నీటిలో చేరిన ఇతర సయనోబ్యాక్టీరియా తయారుచేయగలవు. అమెరికాలోని అప్పర్ క్లామత్ సరస్సు నుంచి సేకరించే అఫానిజోమెనాన్ అనే సయనోబ్యాక్టీరియా సరుకులో ఈ సమస్య రావడం వల్లనే ఆరెగాన్ రాష్ట్రం గ్రాముకు 1 మైక్రోగ్రామ్ పరిమితి విధించింది. పొగ తగిలే విధంగా ఎండబెట్టిన పొడుల్లో హానికరమైన హైడ్రోకార్బన్లు చేరే అవకాశం ఉంది, ఎండబెట్టే పద్ధతి ఏమిటో కూడా అడగండి. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారికి క్లోరెల్లాలోని విటమిన్ కె ఇబ్బంది కలిగించవచ్చు. ఫినైల్‌కీటోన్యూరియా (ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని శరీరం సరిగా విచ్ఛిన్నం చేసుకోలేని జన్యు వ్యాధి) ఉన్నవారికి స్పిరులినా ప్రోటీన్ తగదు. ఆటోఇమ్యూన్ వ్యాధులున్నవారు, గర్భిణులు వైద్యుడిని అడగకుండా వీటిలో ఏదీ వాడకూడదని నేను ప్రతి ఉత్పత్తి మీదా రాయిస్తాను.

మీరు సాఫ్ట్‌జెల్ వైపే వెళ్లేటట్లయితే, ఆర్డరు పెట్టేముందు రెండు వేర్వేరు బ్యాచ్‌ల నుంచి నమూనాలు తెప్పించుకోండి. ఒక్కో బ్యాచ్‌ను రెండు భాగాలు చేసి, ఒకదాన్ని ఫ్రిజ్‌లోను, మరొకదాన్ని మీ ఉత్పత్తి నిజంగా ఉండబోయే డబ్బాలో 40 డిగ్రీల వద్దా ఉంచి, ప్రతి నెలా అస్టాక్సాంథిన్ శాతాన్ని, పెరాక్సైడ్ విలువను (నూనె ఎంత ఆక్సీకరణ చెందిందో చెప్పే అంకెను) కొలిపించండి. ఆరు నెలల అంకెలు చేతికి వచ్చాక లేబుల్ మీద ఎన్ని మిల్లీగ్రాములు రాయాలో, క్యాప్సూల్‌లో మొదట ఎంత ఎక్కువ నింపాలో నిర్ణయించుకోవచ్చు. సరఫరాదారు పంపిన నాణ్యత పత్రంలో కొలిచిన పద్ధతి, ఎస్టర్ల (కొవ్వు ఆమ్లాలతో జతకట్టిన అస్టాక్సాంథిన్) నిష్పత్తి, సారం తీసిన విధానం, కలిపిన రక్షక పదార్థం, బ్యాచ్ తయారైన తేదీ ఉంటే వాటిని ఇక్కడ రాయండి, చూసి నా అభిప్రాయం చెబుతాను.